ఆట ముగియకముందే చేయి చాచుట

చదరంగపు పోటీలు జరిగే హాలులోనికి, పోటీ మొదలైన అరగంటకు వెళ్ళి చూచినవారికి ఒక వింత కనిపిస్తుంది. ఇరవై బల్లలు వేసి ఉంటే వానిలో ఏడెనిమిది అప్పటికే ఖాళీ. పావులు తమ తొలి స్థానాల నుండి పెద్దగా కదిలినట్లు లేదు. గడియారాలు ఆగి ఉన్నవి. ఆడవలసిన పిల్లలు వరండాలో నిలబడి టీ త్రాగుతున్నారు. ఏమైనదని అడిగితే ఒక జంట "డ్రా చేసికొన్నాం సార్" అంటుంది. ఇంకొకడు "గుఱ్ఱం పోయింది సార్, ఇంకెందుకని ఇచ్చేశాను" అంటాడు. ఇందులో అనుచితమైనది ఏదో ఉన్నదని ఆ ముగ్గురిలో ఎవరికీ తోచదు. మాకు తోచింది గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి చదరంగంతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. ఎత్తుకు పైయెత్తు, ఆట కట్టించడం, ఒకరి చేతిలో పావు కావడం వంటి పలుకుబడులను నిత్యం వాడుకొంటూ, అవి పుట్టిన ఆటను గురించి మాట్లాడరాదంటే అది అన్యాయం. పైగా మా కళాశాలలో జట్టు ఎంపిక బాధ్యత ఆటల విభాగానిది మాత్రమే కాదు. చదరంగం వచ్చిన అధ్యాపకులందరూ ఏదో ఒక బల్ల ప్రక్కన కూర్చోవలసినదే. కూర్చొన్నవారికి కొన్ని అభిప్రాయాలు ఏర్పడక మానవు.

నిబంధనలు ఈ రెండు పనులను స్పష్టంగా వేరుచేసినవి. ఓటమిని అంగీకరించడం ఒక్కరి పని. ఆ మాట నోట వచ్చిన మరుక్షణం ఆట ముగిసినట్లే. తరువాత నాలుక కరచుకొని ప్రయోజనం లేదు. డ్రా ఇద్దరి పని. తన ఎత్తు బల్లమీద వేసిన తరువాత, గడియారం నొక్కకముందు దానిని ప్రతిపాదించాలి. ఎత్తులు వ్రాసే కాగితం మీద సమాన చిహ్నం గుర్తు పెట్టాలి. ఒకసారి ప్రతిపాదించినదానిని వెనుకకు తీసికొనరాదు. ఎదుటివాడు నోటితో కాదనవచ్చు, లేదా పావు పట్టుకొని తన ఎత్తు ఆడితే కాదన్నట్లే. రెండింటి చివర జరిగేది మాత్రం ఒక్కటే: బల్లమీదుగా చేయి చాచడం. చేయి చాచడానికి మన భాషలో ఇంకొక అర్థం కూడా ఉన్నది. పదవ ఎత్తులో డ్రా అడిగే కుఱ్ఱవానిని చూచినప్పుడు మాకు ఆ రెండవ అర్థమే ముందుగా స్ఫురిస్తుంది.

మా ఐ.పోలవరం ప్రాంతంలో, ఆ మాటకు వస్తే కోనసీమ అంతటా, పెద్దలు అరుగుల మీద ఆడిన చదరంగం వేరు. అందులో బంటు తొలి ఎత్తులో కూడా ఒక్క గడియే జరిగేది. రాజు ఒకసారి గుఱ్ఱపు ఎత్తు వేయవచ్చు. గడియారం లేదు, వ్రాత కాగితం లేదు. ఆట కట్టు అయ్యేదాకా ఆడవలసినదే. అన్నం చల్లారిపోతున్నదని లోపలినుండి కేక వచ్చినా బల్లను అలాగే ఉంచి, వెళ్ళి తిని, మళ్ళీ వచ్చి కూర్చొనేవారు. ఉర్దూ వాడుకలో సమమైన బాజీని ఖాయిం అంటారు. నిలిచినది, స్థిరమైనది అని దాని అర్థం. తెలుగులోనికి వచ్చి అదే ఖాయం అయినది. ఈ మాట విషయాన్ని సూక్ష్మంగా పట్టుకొన్నదని మా ఉద్దేశ్యం. ఇరువురూ తమ బలమంతా వినియోగించిన పిమ్మట, ఇక ఎవరూ ఎవరినీ కదిలించలేరని తేలిన స్థితియే ఖాయిం. పదవ ఎత్తులో తేలినది ఏమున్నది? అక్కడ నిలిచినది ఏమీ లేదు. మొదలు పెట్టకుండా విడిచిపెట్టినది మాత్రమే ఉన్నది.

ఈ మాటలకు దృష్టాంతం కావలసిన వారు దూరపు చరిత్రలోనికి పోనక్కరలేదు. 2024 నవంబరు, డిసెంబరు నెలలలో సింగపూరులో ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ జరిగింది. చెన్నైలోని ఒక తెలుగు కుటుంబంలో 2006లో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ ఒకవైపు, చైనాకు చెందిన చాంపియన్ డింగ్ లిరెన్ మరొకవైపు. పదునాలుగు ఆటల పోటీ. మొదటి ఆటలో గుకేశ్ ఓడినాడు, మూడవ ఆటలో గెలిచి సరిచేసినాడు. ఆరవ ఆటలో ఒక సన్నివేశం వచ్చింది. ఒకే స్థితి మూడుసార్లు వస్తే ఆట సమమవుతుంది. ఆ దారి ఎదుట ఉన్నది, స్థితి కొంచెం డింగ్‌కే అనుకూలమని గణన యంత్రాలు చూపుతున్నవి. అయినను గుకేశ్ ఆ దారిని విడిచి, నల్లపావులతో, మంత్రిని మరొక గడికి నడిపి ఆట కొనసాగించినాడు. అది కూడా చివరకు సమంగానే ముగిసింది. చాలమంది ఆనాడు ఆ సాహసం అనవసరమన్నారు. మా దృష్టిలో మాత్రం ఆ యువకుని స్వభావం అక్కడే బయటపడింది. పదకొండవ ఆట గుకేశ్‌ది, పన్నెండవది డింగ్‌ది. పదమూడు ఆటలు ముగిసేసరికి ఇద్దరికీ ఆరున్నర పాయింట్లు.

డిసెంబరు 12న చివరి ఆట. గుకేశ్‌వి నల్లపావులు. ఆట సాగి సాగి, ఇద్దరికీ ఒక ఏనుగు, ఒక శకటు, ఒక పక్కన కొద్ది బంట్లు మిగిలిన స్థితికి వచ్చింది. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. ఇట్టి స్థితి శాస్త్రప్రకారం సమం. చూచే గ్రాండ్‌మాస్టర్లు కూడా అంతే అన్నారు. మరునాడు త్వరిత గతి ఆటలతో తేల్చుకోవలసి వస్తుందని అందరూ నిశ్చయించుకొన్నారు. ఆ పోటీ నియమం ప్రకారం నల్లపావుల నలుబదవ ఎత్తు దాకా పరస్పరాంగీకారంతో డ్రా చేసికొనే వీలు లేదు. కాని ఇప్పుడు నలుబదవ ఎత్తు ఎప్పుడో దాటినది. చేయి చాచవచ్చు. గుకేశ్ చాచలేదు.

ఎందుకు చాచలేదన్నది మన విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసిన విషయం. ఆ స్థితిలో గుకేశ్ ఓడే అవకాశం ఇంచుమించు లేదు. డింగ్ గెలిచే అవకాశం అసలే లేదు. గెలిస్తే గుకేశ్ గెలవాలి, లేకపోతే సమం. అనగా ఆట కొనసాగించడానికి అతడు చెల్లించే మూల్యం తన శ్రమ మాత్రమే. ఎదుటివాడు మాత్రం ప్రతి ఎత్తుకూ ఆలోచించి సరియైన గడిని వెదకికొనవలసి ఉంటుంది. గంటల తరబడి ఆడి అలసిన మెదడుతో, తరిగిపోతున్న గడియారంతో. ఏబదియైదవ ఎత్తులో డింగ్ తన ఏనుగును మార్పిడికి పెట్టినాడు. ఏనుగులు పోతే ఆట మరింత సులువుగా సమమవుతుందని అతడు భావించి ఉండవచ్చు. కాని అతని శకటు అప్పటికి బల్ల మూలలో ఇరుక్కొని ఉన్నది. ఏనుగులు మారిన వెంటనే గుకేశ్ తన శకటును దానికి ఎదురుగా నిలిపినాడు. తప్పించుకొని పోవడానికి దారి లేదు. శకటులు కూడా మారక తప్పలేదు. రాజులు, బంట్లు మాత్రమే మిగిలిన ఆటలో ఆ ఒక్క అదనపు బంటే రాజ్యమేలింది. ఏబదియెనిమిది ఎత్తులకు డింగ్ ఓటమి అంగీకరించినాడు. పదునెనిమిదేండ్ల గుకేశ్ ఏడున్నర, ఆరున్నర తేడాతో ప్రపంచ చాంపియన్ అయినాడు. అంతవరకు ఆ పదవిని నిర్వివాదంగా అంత చిన్న వయస్సులో పొందినవారు లేరు. 1985లో కాస్పరోవ్ దానిని పొందినప్పుడు ఇరువదిరెండేండ్లవాడు.

అది అదృష్టమని, ఎదుటివాని పొరపాటు వలన దక్కిన కిరీటమని అన్నవారున్నారు. పొరపాటు జరిగిన మాట నిజమే. అయితే చదరంగంలో ఎదుటివాని పొరపాటు లేకుండా దక్కిన విజయం ఏది? ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే ప్రతి ఆటా సమమే అవుతుందని విజ్ఞులు నమ్ముతున్నారు. తప్పు జరిగేటంత కాలం బల్ల ముందు కూర్చొనడమే ఈ విద్యలో సగం. నలుబదియొకటవ ఎత్తులో గుకేశ్ చేయి చాచి ఉంటే, డింగ్ ఆ ఏనుగును ఆ గడిలో పెట్టే సందర్భమే వచ్చి ఉండేది కాదు.

తెలుగునాట పుట్టిన మరి ఇద్దరిని ఇక్కడ పేర్కొనడం ఉచితం. వరంగల్లుకు చెందిన ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరులో 2801 రేటింగు చేరుకొన్నాడు. 2800 దాటిన భారతీయులలో విశ్వనాథన్ ఆనంద్ తరువాత అతడే. తనకన్న చాల తక్కువ రేటింగు ఉన్నవారితో అనేక పోటీలు ఆడుతూ, దాదాపు ప్రతి ఆటలోను గెలుపునకే ప్రయత్నించడం వలన అతడు ఆ స్థానానికి వచ్చినాడు. అట్టివారితో ఒక్క డ్రా చేసికొన్నా పెద్ద ఆటగానికి రేటింగు తరిగిపోతుందన్న సంగతి మరువరాదు. ఇక కోనేరు హంపి. 2024 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో ఆమె మొదటి ఆటలోనే ఓడిపోయినారు. అక్కడితో మనసు విరిగి తక్కిన ఆటలు తూతూ మంత్రంగా ఆడి రావచ్చును. మన పిల్లలు చాలమంది అదే చేస్తారు. ఆమె పదకొండు ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లు సంపాదించి, 2019 తరువాత రెండవసారి ఆ బిరుదును గెలిచినారు.

ఇంతవరకు డ్రా సంగతి. తొందరపడి ఓటమిని ఒప్పుకొనడం దీనికన్న పెద్ద నష్టమని మా అభిప్రాయం. డ్రాలో సగం పాయింటైనా చేతికి వస్తుంది.

1902లో మాంటికార్లోలో ఫాన్ పోపియెల్, మార్కో అనే ఇద్దరు ఆడిన ఆట ఈ విషయంలో జగత్ప్రసిద్ధం. మార్కో శకటు ఒకటి కట్టుబడిపోయింది. దానిమీద శత్రువు బలగం పేర్చినాడు. అది పోక తప్పదని తలచి మార్కో ఆట విడిచిపెట్టినాడు. నిజానికి ఆ శకటునే తీసి శత్రురాజు ప్రక్కగడిలో పెట్టి ఉంటే, ఒకే ఎత్తులో ఆటకట్టు బెదిరింపు, శత్రువు మంత్రిమీద దాడి రెండూ ఏర్పడి మార్కోయే గెలిచి ఉండేవాడు. గెలిచిన ఆటను ఓడినదనుకొని అప్పగించినాడు! 1997 మే 4న న్యూయార్కులో డీప్ బ్లూ అనే యంత్రంతో ఆడిన రెండవ ఆటలో కాస్పరోవ్ కూడా ఇట్లే ఓటమి ఒప్పుకొన్నాడు. ఆ స్థితిలో ఎడతెగని షాలతో సమం చేసికొనే మార్గమున్నదని తరువాత తెలిసింది. ఆ వార్త విన్నప్పటినుండి అతని మనఃస్థైర్యం చెదరినదని చెబుతారు. చివరి ఆటలో పందొమ్మిది ఎత్తులకే ఓడి, పోటీనే పోగొట్టుకొన్నాడు. యంత్రం తప్పు చేయదన్న నమ్మకమే అతనిచేత ఆ రెండవ ఆటను విడిపించిందని మేము అనుకొంటాము. మన పిల్లలు పెద్ద రేటింగువాని ఎదుట కూర్చొన్నప్పుడు ఆడేది పావులతో కాదు, ఆ రేటింగు అంకెతో. భయం అదే.

పారశీకం, తురుష్కం, ఉర్దూ చదివినవారికి దిలారాం కథ పరిచితమే. ఒక ప్రభువు పందెం మీద పందెం ఓడి, చివరకు తన ప్రియభార్య దిలారాంను పణంగా ఒడ్డినాడు. ఆ ఆట కూడా పోయేటట్లున్నది. అతడు తల వంచుకొన్నాడు. తెరచాటునుండి బల్లను చూస్తున్న దిలారాం, రెండు ఏనుగులనూ బలి ఇచ్చి తనను కాపాడుకొమ్మని సూచించింది. అతడు అట్లే చేసి ఆట కట్టించినాడు. కథ నిజమో కాదో గాని, దానికి సంబంధించిన చదరంగపు సమస్య మాత్రం నిజమైనదే, ప్రాచీన గ్రంథాలలో ఉన్నది. పందెంలో భార్యను ఒడ్డిన ఘనుడు ఒక్క మన మహాభారతంలోనే లేడన్న మాట. అక్కడ పాచికలు గనుక ఆలోచనకు తావు లేకపోయింది.

ఓటమి ఒప్పుకొనే ముందు తెలిసి ఉండవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. అవి తెలియకనే చాలమంది లేచిపోతున్నారు. ఎదుటివానికి ఒక శకటు, బల్ల అంచు నిలువు వరుసలో ఒక బంటు మిగిలినవనుకొందాము. మనకు రాజు ఒక్కడే. చూపరులకు ఇది పూర్తిగా పోయిన ఆట. కాని ఆ బంటు మంత్రిగా మారవలసిన మూలగడి ఒక రంగుది, ఆ శకటు తిరిగే గడులు మరొక రంగువి అయితే, మన రాజు ఆ మూలకు చేరితే చాలు. లోకంలో ఎంతటివాడూ గెలువలేడు. మరొకటి. ఎదుటివానికి ఏనుగు, బంటు. మనకు ఏనుగు మాత్రమే. మన రాజు బంటు దారికి అడ్డంగా నిలిచి, మన ఏనుగు మనవైపునుండి మూడవ వరుసను కాస్తే శత్రురాజు ముందుకు రాలేడు. బంటే ఆ వరుసలోనికి అడుగుపెట్టిన వెంటనే ఏనుగును బల్ల అవతలి కొసకు పంపి వెనుకనుండి షాలు చెబుతూ పోవాలి. పదునెనిమిదవ శతాబ్దంలో ఫిలిడోర్ అనే ఫ్రెంచివాడు చూపిన ఈ రక్షణ నేటికీ చెక్కుచెదరలేదు. ఇక రాజుకు షా లేకుండా, కదలడానికి ఏ పావుకూ ఎత్తు లేకుండా పోతే ఆట సమమవుతుందన్నది ప్రతివారికీ తెలిసినదే. గెలుపు గర్వంలో ఉన్నవాడు మూడు బంట్లను మంత్రులుగా మార్చుకొని, తన చేతులతోనే ఆ స్థితిని తెచ్చిపెట్టడం పాఠశాల పోటీలలో నిత్యమూ చూస్తున్నాము.

మీర్ సుల్తాన్ ఖాన్ పేరు ఈ తరం వారికి అంతగా తెలియదు. పంజాబుకు చెందిన ఈయన సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారంలో ఒకడుగా ఇంగ్లండు వెళ్ళినాడు. మన దేశపు పాత పద్ధతి చదరంగం నుండి ఐరోపా పద్ధతికి మారిన కొద్దికాలానికే, 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ చాంపియన్ అయినాడు. ప్రారంభపు ఎత్తుల గ్రంథ పరిజ్ఞానం ఆయనకు బహు స్వల్పం. అందువలన మొదట్లోనే ఇబ్బందిలో పడేవాడు. తరువాత ఓపికతో కోలుకొనేవాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకాను అరువదికి పైగా ఎత్తుల ఆటలో ఊపిరాడకుండా చేసి ఓడించినాడు. ప్రారంభంలో వెనుకబడినప్పుడెల్లా విడిచిపెట్టే అలవాటే ఆయనకు ఉండి ఉంటే మనం ఆ పేరును వినేవారమే కాము. 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

ప్రతి డ్రా పిరికితనమేనని మేము అనడం లేదు. అట్లని వాదించడం సులభం, కాని సత్యం కాదు. 1984లో కార్పోవ్‌తో ఆడినప్పుడు కాస్పరోవ్ తొమ్మిది ఆటలకే నాలుగింట ఓడినాడు. ఆరు గెలుపులు ముందుగా ఎవరివైతే వారిదే పోటీ. ఆ దశలో అతడు వరుసగా పదిహేడు డ్రాలు చేసినాడు. అవి ఓడిపోకుండా నిలబడి ఊపిరి పీల్చుకొనడానికి చేసిన డ్రాలు. నలుబదియెనిమిది ఆటల తరువాత, వానిలో నలుబది సమమైన పిదప, 1985 ఫిబ్రవరిలో ఆ పోటీ తేలకుండానే నిలిపివేయబడింది. అప్పటికి కార్పోవ్‌కు ఐదు గెలుపులు, కాస్పరోవ్‌కు మూడు. 2018లో లండన్‌లో కార్ల్‌సన్ పన్నెండవ ఆటలో తనకు అనుకూలమైన స్థితిలోనే, ముప్పదియొకటవ ఎత్తులో కరువానాకు డ్రా ప్రతిపాదించినాడు. పెద్దపెద్ద ఆటగాండ్రు విమర్శించినారు. రెండు దినాల తరువాత త్వరిత గతి ఆటలు మూడింటినీ గెలిచి కార్ల్‌సన్ తన లెక్క సరియైనదని నిరూపించుకొన్నాడు. దీనికి విరుద్ధంగా 2010లో సోఫియాలో టోపలోవ్ త్వరిత గతి ఆటలకు పోవడం ఇష్టం లేక చివరి ఆటలో బలవంతంగా గెలుపునకు ప్రయత్నించి, నల్లపావులతో ఆడుతున్న ఆనంద్ చేతిలో ఓడి కిరీటం గెలిచే అవకాశాన్ని పోగొట్టుకొన్నాడు. గుకేశ్‌కు ఒకవైపే ప్రమాదం లేని స్థితి ఉన్నది. టోపలోవ్‌కు అది లేదు.

జట్టు పోటీలలో లెక్క మరీ వేరు. నాలుగు బల్లలలో రెండు గెలిచి ఉన్నప్పుడు మూడవ బల్లమీద సగం పాయింటు చాలు. అక్కడ వీరత్వం ప్రదర్శించి జట్టును ముంచడం తగదు. అట్లే, ఎదుట తెలిసినవాడు కూర్చొని ఉండగా, ఒక ఏనుగు ఊరక పోగొట్టుకొని, ఏ ఉపాయమూ లేనప్పుడు చివరి దాకా ఎదుటివాని కాలం హరించడం కూడా మర్యాద కాదు. మా కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించినప్పుడు దానిని చేతులెత్తివేయడమన్నవారున్నారు. గిట్టని ధర, పెరిగిన కూలి, పూడిపోయిన మురుగుకాలువలు ముందుంచుకొని లెక్క కట్టి తీసికొన్న నిర్ణయమది. లెక్క కట్టి ఆగడం వేరు, లెక్క కట్టక ఆగడం వేరు. పదవ ఎత్తులో చేతులు కలిపిన మా విద్యార్థులను "ఈ స్థితి ఎవరికి మేలు?" అని అడిగితే జవాబు రాదు. మా ఫిర్యాదు అంతా ఆ జవాబు రాకపోవడం మీదనే.

నియమాలతో దీనిని మాన్పవచ్చునా? ప్రయత్నాలు జరిగినవి. 1962లో కురసావో ద్వీపంలో జరిగిన పోటీలో పెట్రోస్యాన్, గెల్లర్, కెరెస్ అనే ముగ్గురు సోవియట్ ఆటగాండ్రు తమలో తాము ఆడిన పన్నెండు ఆటలనూ సమం చేసికొన్నారు. సగటున పందొమ్మిది ఎత్తులకు ఒక్కొక్కటి. ఫిషర్ దానిని కుట్ర అని ప్రపంచానికి చాటినాడు. ఆ తరువాత ప్రపంచ చాంపియన్‌కు ప్రత్యర్థిని ఎన్నుకొనే పద్ధతినే మార్చవలసి వచ్చింది. 2005లో సోఫియా పోటీ నిర్వాహకులు ఆటగాండ్రు తమలో తాము డ్రా మాట్లాడుకొనడాన్ని నిషేధించినారు. ఆ పిమ్మట అనేక పోటీలలో ముప్పది, నలుబది ఎత్తుల నియమాలు వచ్చినవి. ఫలితం కొంత ఉన్నది. కాని తప్పించుకోదలచినవారికి దారులు కరవు కావు. ముందే కంఠస్థం చేసిన ఎత్తులు ఆడి, ఒకే స్థితిని మూడుసార్లు తెచ్చి, ఏ నియమమూ అతిక్రమించకుండా పావుగంటలో లేచిపోవచ్చు. నియమం ఎత్తుల సంఖ్యను పెంచగలదు గాని, ఆడాలన్న కోరికను పెంచలేదు.

మన పిల్లలలో ఆ కోరిక ఎందుకు తరిగినది? రేటింగు పోతుందన్న భయం ఒకటి. చివరి రౌండులో చేతులు కలిపితే బహుమతి సొమ్ము ఇద్దరికీ దక్కుతుందన్న లెక్క ఒకటి. ఓడి ఇంటికి వెళితే తల్లిదండ్రులు ఏమంటారోనన్న బెదురు మరొకటి. వీనికన్న మాకు బాధ కలిగించే కారణం ఇంకొకటి ఉన్నది. మధ్యాహ్నం దాటిన తరువాత మొదలుపెట్టే రౌండ్లు సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల దాకా సాగుతవి. మా వైపు నుండి యానాం వంతెన మీదుగా కాకినాడ వెళ్ళిన బాలికలు చీకటి పడకముందు బస్సు ఎక్కాలి. వంతెన లేని కాలంలో ఎదుర్లంక రేవులో పంటు వేళ చూచుకొనేవారు. ఇప్పుడు బస్సు వేళ చూచుకొంటున్నారు. అంతే తేడా. మంచి స్థితిలో ఉండి కూడా డ్రా అడిగే బాలికను మేము పిరికిది అనలేము. ఆమెకు ఆ ఆట ముగించే అవకాశం ఇవ్వనివారు పోటీ వేళలు నిర్ణయించినవారు. ఇంట్లో ఎంతో బ్రతిమాలి అనుమతి తెచ్చుకొన్న పిల్లలు వీరు. ఆలస్యమైతే మరుసటి పోటీకి ఆ అనుమతి ఉండదు. ఉదయం తొమ్మిది గంటలకు మొదలుపెట్టి, దూరంనుండి వచ్చినవారి ఆటలను ముందు పెట్టడం నిర్వాహకులకు అంత కష్టమైన పని కాదు.

ఇక మా చేతిలో ఉన్నది మా ఎంపిక పోటీ. అందుకు రెండు సూచనలు అధ్యాపక మిత్రుల ముందు, విద్యార్థుల ముందు పెడుతున్నాము. ముప్పది ఎత్తులు దాటకుండా డ్రా అడుగదలచినవారు ముందుగా పర్యవేక్షకుని పిలిచి, స్థితి ఎందుకు సమమో నాలుగు మాటలలో చెప్పాలి. చెప్పగలిగితే పర్యవేక్షకుడు కాదనడు. ఓటమి ఒప్పుకొనేవారు తమ వ్రాత కాగితం అడుగున, ఏ ఎత్తుల వరుస వలన ఆట పోయినదని భావించినారో వ్రాయాలి. సాయంత్రం ఆ స్థితులను మళ్ళీ బల్లమీద పేర్చి, విడిచిపెట్టినవారి పక్షాన వేరొకరు ఆడి చూడాలి. వానిలో ఎన్ని నిజంగా పోయిన ఆటలో, ఎన్ని కావో అప్పుడు అందరి కళ్ళకూ కనిపిస్తుంది.

ఇది పరీక్షలాగా ఉన్నదని, ఆటలో ఉల్లాసం పోతుందని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అప్పుడే అభ్యంతరం చెప్పినారు. వారి మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. వ్రాయడం ఇష్టం లేనివారు నోటితో చెప్పినా సరే, తెలుగులోనైనా, ఉర్దూలోనైనా. పనిచేసే గడియారాలు నాలుగే ఉన్నవి గనుక మొదట నాలుగు బల్లలమీద మాత్రమే, అవి కూడా బాలికల బల్లలతో మొదలుపెట్టి, ఉదయం పూటనే ఈ పద్ధతిని ప్రారంభించాలని కోరుతున్నాము.